బళ్లారి సీమలో సుస్తీ పడిన కుక్క: మంద నుంచి పశువైద్యశాల దాకా

ప్రాణగండం గడిచిన కుక్క ఆ పూటకే మామూలుగా లేచి తిరగదు. పాము కాటు కావచ్చు, వడదెబ్బ కావచ్చు, గోమార్ల జ్వరమో రక్త విరేచనాలో కావచ్చు. బతికి బయటపడ్డాక కూడా రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి అది మూలన ముడుచుకుని పడుకుంటుంది. పిలిస్తే చెవి కదుపుతుంది గాని లేవదు. గిన్నె దగ్గర పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. ఈ దశలో దాన్ని కనిపెట్టుకుని ఉండడం బళ్లారి సీమలో గొర్రెల కాపరులకు తరతరాలుగా తెలిసిన పని. ఆ నీరసం ఎందుకు వస్తుందో చెప్పే పరిశోధన మాత్రం మద్రాసు ప్రయోగశాలల్లో ఇరవయ్యో శతాబ్దంలో సాగింది. ఇంటివాళ్ల ఓపిక, వైద్యుడి మందు ఒకచోట కలవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

బళ్లారి ప్రాంతాన్ని 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్త మండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో కాలం నుంచి అది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1882లో అనంతపురం వేరే జిల్లా అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి పట్టణంతో సహా మిగతా తాలూకాల్లో ఎక్కువ భాగం మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. 2021లో హొసపేట, హంపి ఉన్న పడమటి భాగం విజయనగర జిల్లాగా విడిపోయింది. గీతలు ఎన్నిసార్లు మారినా తెలుగు, కన్నడం రెండూ మాట్లాడే పల్లెలు, నల్లరేగడి చేలు, రాతి గుట్టలు, గొర్రెల మందలు సరిహద్దుకు రెండు వైపులా ఒకటే.

మంద కుక్క

ఈ నేల మీద పశువులకూ మనుషులకూ పొత్తు నాలుగైదు వేల ఏళ్ల నాటిది. కుడితిని దగ్గర, సంగనకల్లు–కుప్పగల్లు గుట్టల చుట్టూ ఉన్న బూడిద దిబ్బలు నవీన శిలాయుగపు పశుపాలకుల దొడ్లలో పేడ పోగై, కాలి ఏర్పడ్డవి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ వంటి భూగర్భ శాస్త్రజ్ఞులు పందొమ్మిదో శతాబ్దంలో వీటిని పరిశీలించారు. దక్షిణ దక్కనులోని ఇలాంటి స్థలాల్లో ఆవులు, గొర్రెలు, మేకల ఎముకలతో పాటు పెంపుడు కుక్కల ఎముకలు కూడా బయటపడ్డాయి.

తరవాతి కాలంలో కురుబలు, గొల్లలు ఈ ప్రాంతపు మందలను నిలబెట్టారు. బళ్లారి గొర్రె ముతక ఉన్నికి పేరుపడ్డ జాతి. ఆ ఉన్నితోనే కంబళ్లు నేసేవారు. పంట కోతలయ్యాక మంద ఊరూరూ తిరుగుతుంది. రైతు చేలో రాత్రిళ్లు మంద కడితే ఎరువు అతనికి, గింజలో డబ్బో కాపరికి. ఈ తిరుగుడులో తోడేలు, చిరుత, దొంగ అనే ముగ్గురి నుంచి మందను కాచేది కుక్క. దానికి కట్టుతాడు ఉండదు, కొట్టం ఉండదు. కాపరి తినే జొన్న రొట్టె, సంగటి, మజ్జిగ దానికీ తిండి. రాత్రి వలకంచె బయట ఒక చెవి లేపి పడుకుంటుంది.

అలాంటి కుక్క తోడేలుతో పోట్లాడి గాయపడినా, పాము కరిచినా, ఎండకు సొమ్మసిల్లినా కాపరి ముందు ఒక చిక్కు ఉండేది. మంద ఆగదు, కుక్క నడవలేదు. పెద్ద మందల్లో ఇద్దరు ముగ్గురు కాపరులు కలిసి తిరగడం వల్ల ఒకరు కుక్క దగ్గర ఉండిపోయే వీలుండేది. మందుల సంగతికొస్తే గొర్రెలకు వాడే నాటు వైద్యమే కుక్కకూ. గాయానికి పసుపు, పురుగు పట్టకుండా వేపనూనె, నీరసానికి ఉప్పు వేసిన మజ్జిగ, పలుచని జొన్న అంబలి. వీటిలో మంచీ ఉంది, చెడూ ఉంది. నీడ, నీళ్లు, కొద్దికొద్దిగా పలుచని తిండి, కదిలించకుండా వదిలేయడం అనేవి నేటి వైద్యమూ ఒప్పుకునే పద్ధతులు. కాల్చిన ఇనుముతో వాత పెట్టడం వంటివి మాత్రం నీరసించిన జంతువుకు మరో గాయాన్ని తెచ్చిపెట్టాయి.

రాజుల వేట, గొరవల భక్తి

ఏనుగుకు పాలకాప్యం, గుర్రానికి శాలిహోత్రం ఉన్నాయి. మనుమంచి భట్టు తెలుగులోనే అశ్వశాస్త్రం రాశాడు. కుక్కకు ఇంత పేరున్న వైద్య గ్రంథం ఏదీ లేదు. సుశ్రుత సంహిత కల్పస్థానంలో కుక్క ప్రస్తావన వచ్చేది పిచ్చికుక్క కాటు సందర్భంలో. తోక వాలిపోయి, చొంగ కారుస్తూ తిరిగే జంతువు లక్షణాలు, అది కరిచిన మనిషికి నీళ్లంటే పుట్టే భయం అందులో కనిపిస్తాయి. శాస్త్రం మనిషిని కుక్క నుంచి కాపాడే దారి చూసింది, కుక్కను కాపాడే దారి చూడలేదు.

అయినా రాజాస్థానాల్లో వేట కుక్కకు విలువ ఉండేది. బళ్లారి సీమను ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దం మొదటి సగంలో కూర్చిన ‘మానసోల్లాసం’ రాజ వినోదాల్లో సారమేయ వినోదాన్ని కూడా చేర్చింది. హంపిలోని మహానవమి దిబ్బ చుట్టూ చెక్కిన వేట దృశ్యాల్లో వేటగాళ్ల వెంట కుక్కలు కనిపిస్తాయి.

కుక్క మీద మనిషికి ఉన్న కృతజ్ఞతకు అతి స్పష్టమైన సాక్ష్యం కొంచెం దక్షిణాన, మండ్య జిల్లా ఆతకూరులో దొరికింది. క్రీ.శ. 949–50 నాటి ఆ శాసనం ప్రకారం, గంగరాజు రెండవ బూతుగుడు తన సేవకుడు మణలేరుడి పరాక్రమానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమన్నాడు. మణలేరుడు భూములు అడగలేదు, కాళి అనే వేట కుక్కను అడిగాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో తలపడింది. రెండూ చచ్చిపోయాయి. దాని పేర రాయి నిలబెట్టి, పూజకు భూమి ఇచ్చారు. అక్కడి గొరవ, అంటే శైవ పూజారి, ఆ రాయిని పూజించకుండా భోజనం చేయరాదని కట్టడి చేశారు. కుక్క, పంది పోరాడుతున్న శిల్పంతో ఉన్న ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

గొరవ అనే మాట బళ్లారి వైపు ఇంకా బతికే ఉంది. హూవిన హడగలి తాలూకాలోని మైలారంలో వెలసిన మైలారలింగడు గొర్రెల కాపరుల ఇలవేల్పు. తెలుగునాట కొమురవెల్లి, ఐనవోలు మల్లన్నగా కొలిచేది ఈ దేవుణ్నే. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు వీధుల్లో కనిపించే మైలారభటులు ఈ దేవుడి భక్తులే. మైలారం గొరవలు నల్ల కంబళి తొడిగి, డమరుకం పట్టి, తాము దేవుడి కుక్కలమని మొరిగి చూపిస్తారు. నేల మీద పెట్టిన దోణిలో నైవేద్యాన్ని కుక్కల్లా తింటారు. మందను కాచే జంతువును దేవుడి వాకిట్లో నిలబెట్టిన ఆచారం ఇది. కుక్కను తాకితే మైల అనే భావన పక్క వీధిలోనే ఉన్న సమాజంలో కాపరి కుటుంబాలు దాన్ని మంద మనిషిగా చూడడానికి ఈ నమ్మకం బలమైన అండ అయింది.

వేట హౌండ్ల రక్తంలో దొరికిన జవాబు

బళ్లారి మద్రాసు ప్రెసిడెన్సీలోని ముఖ్యమైన కంటోన్మెంట్లలో ఒకటి. ఇలాంటి దండు ఊళ్లలో ఆంగ్ల అధికారులు విలాయతీ కుక్కలను పెంచేవారు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, రాతి గుట్టల సెగ వాటికి పెద్ద శత్రువులు. మరో శత్రువు చెవి మడతల్లో, కాలివేళ్ల మధ్య దాక్కునే గోమారి. కొత్తగా వచ్చిన కుక్కలకు జ్వరం వచ్చేది, చిగుళ్లు తెల్లబడేవి, మూత్రం ముదురు రంగుకు తిరిగేది. చావు తప్పించుకున్నవి నెలల పాటు లేవలేక పడి ఉండేవి.

ఈ సుస్తీ మీద ముఖ్యమైన పరిశోధన మద్రాసులో జరిగింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరుగా ఉన్న ఎస్.ఆర్. క్రిస్టఫర్స్ కుక్కల ఎర్ర రక్తకణాల్లో చేరే పైరోప్లాస్మా అనే సూక్ష్మజీవి గోమారిలో ఎలా పెరుగుతుందో పరిశోధించి 1907లో ప్రచురించారు. 1910లో డబ్ల్యు.ఎస్. ప్యాటన్ మద్రాసు హంట్ అనే వేట బృందపు హౌండ్ల రక్తంలో అంతకంటే చిన్నదైన కొత్త జీవిని గుర్తించి, తరవాత నక్కల్లోనూ దాన్ని చూశారు. నేడు ప్రపంచమంతా బెబీసియా గిబ్సొనై అని పిలిచేది దీన్నే. ఊరి బయట తిరిగే నక్క దగ్గరా ఉన్న జబ్బు ఇంగ్లండు నుంచి ఓడ దిగిన హౌండును పడగొడుతోందని దీంతో తేలింది.

జబ్బు పేరు తెలిసినంత తొందరగా మందు దొరకలేదు. 1909లో నటాల్, హాడ్వెన్ కుక్కల పైరోప్లాస్మాకు ట్రైపాన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణం పనిచేస్తుందని కేంబ్రిడ్జిలో చూపారు. ప్యాటన్ కనిపెట్టిన చిన్న జీవి మీద అది పనిచేయదు. నేటికీ ఇది పూర్తిగా వదిలించడం కష్టమైన జబ్బే. జ్వరం తగ్గినా జీవి రక్తంలో కొద్దిగా మిగిలిపోయి, కుక్క బలహీనపడినప్పుడు తిరగబెడుతుంది. బాగైందనుకున్న కుక్క మళ్లీ ఎందుకు డీలా పడుతుందో దీంతో అర్థమైంది.

గోమారి మోసుకొచ్చే రెండో జబ్బు ఎర్లికియోసిస్. దీన్ని 1935లో అల్జీరియాలో డొనాటియన్, లెస్టొక్వార్డ్ వర్ణించారు. 1944లో మద్రాసు నుంచి ముదలియార్ దక్షిణ భారత కుక్కల్లో దాని ఉనికిని తెలిపారు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనిక కుక్కలను వందల సంఖ్యలో చంపి ప్రపంచం దృష్టికి వచ్చిన జబ్బు ఇదే. ముక్కు నుంచి రక్తం, తెల్లబడ్డ చిగుళ్లు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, అంతులేని నీరసం దీని గుర్తులు. డాక్సీసైక్లిన్ మాత్రను నాలుగు వారాలు వేయడం నేటి పద్ధతి. మూడో రోజుకే తోక ఊపిందని మాత్రలు మానేస్తే జబ్బు లోపల నిలిచిపోతుంది.

పిచ్చికుక్క భయం

సుస్తీ పడిన కుక్క దగ్గరికి జనం వెళ్లకపోవడానికి ఒక న్యాయమైన కారణం ఉంది. రేబిస్ ఎప్పుడూ పరుగెత్తి కరిచే రూపంలోనే రాదు. కుక్క మూలన చేరి, దవడ జారి, చొంగ కారుస్తూ, మింగలేక మందకొడిగా పడి ఉండే రూపమూ ఉంది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చేయి పెట్టినవాళ్లు దానికి బలైన సందర్భాలు ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో కుక్క కరిచినవాళ్లు వైద్యం కోసం 1900లో హిమాలయాల్లోని కసౌలిలో మొదలైన పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు పోవలసి వచ్చేది. 1902లో లిలీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే ఆంగ్ల యువతి పిచ్చికుక్క కాటుతో మరణించింది. ఆ తరవాత అమెరికన్ దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన సొమ్ము సాయంతో 1907లో నీలగిరుల్లోని కూనూరులో దక్షిణాది పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరుచుకుంది. మెట్టుపాళయం నుంచి కూనూరుకు కొండ రైలు 1899లోనే వచ్చి ఉండడంతో బళ్లారి వంటి జిల్లాల వాళ్లు రైళ్లు మారుతూ అక్కడికి చేరే వీలు కలిగింది. 1911లో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకాతో ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు’ అనే మాట ఇంటింటి భయంగా స్థిరపడింది. ఆ రకం టీకాను భారతదేశం 2004 చివర్లో మానేసింది.

ఈ భయం వీధికుక్కల పాలిట శాపమైంది. పురపాలక సంఘాలు దశాబ్దాల పాటు కుక్కలను పట్టి చంపించాయి. 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు చంపడం ఆపి శస్త్రచికిత్స, టీకా, తిరిగి అదే చోట వదలడం అనే మార్గాన్ని చట్టం చేశాయి. వాటి స్థానంలో 2023లో కొత్త నియమాలు వచ్చాయి.

ఆస్పత్రి ఆలస్యంగా తలుపు తీసింది

ప్రెసిడెన్సీ పశువైద్యానికి పునాది పశువుల విలువ. 1876–78 కరువు బళ్లారిని ఘోరంగా దెబ్బతీసింది. మనుషులతో పాటు ఎద్దులు, ఆవులు లెక్కలేనన్ని చచ్చాయి. రిండర్‌పెస్ట్ అంటురోగం విరుచుకుపడినప్పుడల్లా సేద్యం ఆగిపోయేది. అందుకే ప్రభుత్వ పశువైద్య శాఖ ఎద్దు, గుర్రం చుట్టూ అల్లుకుంది. మద్రాసు పశువైద్య కళాశాల 1903లో సైదాపేటలో మొదలై తరవాత వేపేరికి చేరింది. బళ్లారి వైపు వచ్చే వైద్యులు అక్కడ చదివినవాళ్లే. దుక్కిటెద్దుకు జబ్బు చేస్తే వాళ్లను పిలవడం వాడుకైంది. కుక్క కోసం పిలవడం పల్లెల్లో చాలాకాలం ఎవరికీ తోచని పని.

1953 విభజనతో చదువు దారులు రెండుగా చీలాయి. ఆంధ్ర వైపు 1955లో బాపట్లలో మొదలైన పశువైద్య కళాశాల తిరుపతికి మారింది. మైసూరు వైపు 1958లో బెంగళూరు హెబ్బాళలో కళాశాల వచ్చింది. కుక్కను ఎత్తుకుని బస్సెక్కే మనిషికి మాత్రం రాష్ట్రం కంటే దూరం ముఖ్యం. రాయదుర్గం, ఆలూరు వైపు సరిహద్దు పల్లెలకు బళ్లారే దగ్గరి పెద్ద పట్నం.

అదే 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీళ్లు వచ్చాయి. సిరుగుప్ప వైపు మెట్ట చేలు వరి మళ్లయ్యాయి. మందలు తిరిగే బీళ్లు తగ్గాయి. గనులు, తోరణగల్లు ఉక్కు కర్మాగారం వచ్చాక పట్టణాలు పెరిగి లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు ఇళ్లలోకి చేరాయి. కంటోన్మెంటు కుక్కలకు నూరేళ్ల కిందట వచ్చిన కష్టమే వీటికీ వచ్చింది. ఇదే దక్కనులో పుట్టిన ముధోల్ హౌండ్ ఈ ఎండకు అలవాటు పడిన జాతి. ముధోల్ ఘోర్పడే రాజులు దాన్ని పోషించారు. తపాలా శాఖ 2005లో దాని బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

ఇంటి కుక్కను ఆస్పత్రికి పరుగెత్తించిన జబ్బు పార్వో. 1978లో ప్రపంచానికి కొత్తగా తెలిసిన ఈ వైరస్‌ను మన దేశంలో 1982లో మద్రాసు నుంచి రామదాస్, అబ్దుల్ ఖాదర్ నివేదించారు. కుక్కపిల్లకు వాంతులు, దుర్వాసనతో రక్త విరేచనాలు మొదలై రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. సెలైన్ ఎక్కించి కాపాడిన పిల్లలు ఇంటికి వచ్చేసరికి తోలుతిత్తిలా వేలాడుతుంటాయి. పల్లెల్లోనూ పట్నాల్లోనూ కుక్కకు సెలైన్ పెట్టించడం మామూలు మాట కావడానికి ఈ జబ్బు పెద్ద కారణం.

తేరుకునే రోజుల సంరక్షణ

మంద దగ్గరి అనుభవం, ప్రయోగశాల జ్ఞానం కలిశాక తేలిన పద్ధతి ఇది. నీరసం మూడు రకాలు. మొదటిది అలసట. ఒళ్లు మరమ్మతు చేసుకుంటున్నప్పుడు నిద్ర ఎక్కువ కావడం సహజం. ఇందులో కుక్క రోజురోజుకూ కొంచెం మెరుగవుతుంది. రెండోది రక్తహీనత. గోమార్ల జ్వరం తరవాత ఎక్కువగా కనిపిస్తుంది. మూడోది లోపల ఇంకా నడుస్తున్న ప్రమాదం. వడదెబ్బ తగిలిన కుక్క చల్లబడ్డాక కూడా ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, రక్తం గడ్డకట్టే గుణం పోవచ్చు.

ఈ తేడా పట్టుకోవడానికి ఇంటివాళ్ల చేతిలో ఉన్న సాధనం చిగురు. పై పెదవి ఎత్తి చూస్తే ఆరోగ్యంగా ఉన్న చిగురు గులాబీ రంగులో, తడిగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్ల లోపు రంగు తిరిగి రావాలి. నల్ల చిగుళ్ల కుక్కల్లో కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి. తెల్లగా, పచ్చగా, ఇటుక ఎరుపుగా ఉంటే వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మెడ వెనక చర్మం పట్టి లేపి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం ఒంట్లో నీళ్లు తక్కువైన గుర్తు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. మనిషి చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది కనుక థర్మామీటరే నమ్మదగింది.

తిండి విషయంలో పలుచని అంబలి కొద్దికొద్దిగా పోసిన కాపరి పద్ధతిని శాస్త్రం సమర్థించింది. పార్వో పిల్లలకు వాంతులు పూర్తిగా ఆగేదాకా కడుపు ఎండబెట్టడం ఒకప్పటి వాడుక. వైద్యుడి పర్యవేక్షణలో తొందరగా తిండి మొదలుపెట్టిన పిల్లలు త్వరగా కోలుకున్నాయని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పుకారం లేని కోడిమాంసం రోజుకు నాలుగైదు సార్లు చిన్న ముద్దలుగా పెట్టాలి. ఉల్లి వేసిన కూర పెట్టరాదు. ఉల్లి ఎర్ర రక్తకణాలను పగలగొట్టి రక్తహీనతను పెంచుతుంది. మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు కుక్క కాలేయానికి, మూత్రపిండాలకు ప్రమాదం. మింగలేని కుక్క నోట్లో బలవంతంగా నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళతాయి.

పడక నీడలో, గాలి ఆడే చోట ఉండాలి. లేవలేని కుక్కను కొన్ని గంటలకోసారి పక్క మార్చకపోతే ఎముక తగిలే చోట పుండ్లు పడతాయి. బళ్లారి వేసవిలో నాపరాయి నేల మధ్యాహ్నానికి సెగలు కక్కుతుంది. కింద గోనెపట్టా, అందే దూరంలో నీళ్ల గిన్నె అవసరం. గోమార్లను ఒంటి మీదే కాదు, గోడ పగుళ్లలోనూ వెతకాలి. ఆడ గోమారి గుడ్లు పెట్టేది అక్కడే. ఇల్లు శుభ్రం కాకపోతే మందుతో తగ్గిన జ్వరం అదే గోడ నుంచి తిరిగి వస్తుంది.

నడక చివరికి మొదలు కావాలి. మొదట వాకిలి దాకా, తరవాత వీధి మలుపు దాకా, అదీ పొద్దున, సాయంత్రం చల్లటి వేళల్లో. పూర్తిగా కోలుకున్నాక వైద్యుడి సలహాతో టీకాలు వేయించి, వివరాలు కార్డు మీద రాయించి దాచుకోవాలి. రేబిస్ టీకా లేని కుక్క ఉన్నట్టుండి మందకొడిగా మారి మింగలేకపోతే, దాని నోట్లో చేయి పెట్టకుండా వేరుగా ఉంచి పశువైద్యుడికి చెప్పాలి. చొంగ తగిలినా, కరిచినా గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.